తార్నాక నుండి తునికాకు కల్లానికి

ముషీరాబాద్‌లో పాత జైలు ఉన్న స్థలంలో 2003 నుండి గాంధీ ఆసుపత్రి నడుస్తున్నది. అక్కడి నుండి రాంనగర్, అడిక్‌మెట్ మీదుగా పోతే ఉస్మానియా విశ్వవిద్యాలయం వస్తుంది. 1918లో స్థాపించబడిన ఈ విద్యాలయానికి రాతితో కట్టిన ఆర్ట్స్ కళాశాల భవనం 1939లో ప్రారంభమైంది. అవతలి వైపు గేటు దాటితే తార్నాక. మన పల్లెల పిల్లలు ఎందరో ఇక్కడి హాస్టళ్లలో ఉండి చదువుకొంటున్నారు.

వేసవి సెలవులకు వీరందరూ ఇంటికి పోయి నీడపట్టున కూర్చుంటారనుకోకండి. ములుగు, భద్రాచలం, ఆసిఫాబాద్ వైపు పిల్లలు కొందరు తునికాకు తెంపడానికి అడవికి పోతారు. పుస్తకాల ఖర్చు అక్కడే రావాలి.

ఆకు తెంపడం కూడా ఒక పనేనా అని నవ్వేవారు ఒక్క పూట తెంపి చూడాలి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో తునికి పొదలను నేలకు దగ్గరగా కొడతారు. సుమారు నెలన్నరకు కొత్త ఆకు అక్కరకొస్తుంది. మరీ లేతదైతే ఎండకు ముడుచుకుంటుంది, ముదిరితే బీడీ చుట్టేటప్పుడు విరుగుతుంది. పురుగు తిన్నదాన్ని కల్లేదారు తీసి పారేస్తాడు. కాబట్టి చెయ్యి కొమ్మను తాకకముందే కన్ను ఏరుకోవాలి. తెల్లవారకముందే బయలుదేరి, ఎండ ముదరకముందే ఇల్లు చేరాలి. ఆ తరువాత ఇంటిల్లిపాదీ కూర్చుని 50 ఆకులకొక కట్ట చొప్పున నారతో కడతారు. వెయ్యి కట్టలు ఒక సంచి లెక్క. కల్లంలో కట్టలను ఎండబెట్టడం, తిరగవేయడం, సంచికెత్తే ముందు నీళ్లు చిలకరించి మెత్తబరచడం మరొక విద్య. ఎండుతున్న ఆకు మీద అకాల వర్షం పడిందా, పని పాడైనట్టే.

"అయ్యగారూ, మా అమ్మ లెక్కపెట్టినట్టే కనబడదు, కట్టలో యాభై మాత్రం తప్పదు. నాకది పట్టుబడడానికి రెండు వేసవులు పట్టింది" అన్నాడు ఎం.ఏ. చదివే అబ్బాయి ఒకడు. ఇప్పుడు కల్లం దగ్గర చదువురాని ఇరుగుపొరుగు వారి కట్టలు కూడా అతడే లెక్క రాసి పెడుతున్నాడట. 1971 చట్టంతో ఈ ఆకు వ్యాపారం ప్రభుత్వ అదుపులోకి వచ్చిందనీ, 2006 నాటి అటవీ హక్కుల చట్టం తునికాకు మీద అడవిబిడ్డలకు హక్కు ఇచ్చిందనీ వాళ్ల ఊరిలో చెప్పింది కూడా అతడే.

ఆ ఆకు చివరకు బీడీ అవుతుందన్నది మాత్రం నాకు మింగుడు పడదు. ఆ మాటే అతనితో అన్నాను. "ఫీజు గడువు జూన్‌లో అయ్యగారూ" అన్నాడు. తండ్రిచేత బీడీ మానిపించాడట. ఆకు మాత్రం తెంపుతూనే ఉన్నాడు.