కాలయంత్రంలో కానిస్టేబుల్

2025 ఏప్రిల్‌లో ‘ఆదిత్య 369’ మళ్ళీ హాళ్ళకు వస్తే విశాఖలోనే చూశాను. 1991లో చూసినప్పుడు నా కళ్ళన్నీ సింగీతం వారి కాలయంత్రం మీదే. ఈసారి ఎందుకో అందులో ఇరుక్కున్న కానిస్టేబుల్‌ని వదల్లేదు. సుత్తివేలు.

హీరోకి ఏ కాలమైనా సొంతిల్లే. 1526లో దిగేసరికి సింహాసనం మీద రాయలుగానూ బాలకృష్ణే కూర్చుని ఉంటాడు! కానిస్టేబుల్‌కి ఆ సుఖం లేదు. ఏ శతాబ్దంలోనూ అతని కోసం ఎవరూ కుర్చీ వేసి ఉంచలేదు.

వేలు అసలు పేరు కురుమద్దాలి లక్ష్మీనరసింహారావు. కృష్ణా జిల్లా మనిషి. సినిమాల కంటే ముందు మన నావల్ డాక్‌యార్డులో ఉద్యోగం, తీరిక వేళల్లో నాటకాలు. 1981లో జంధ్యాల ‘ముద్దమందారం’లో తెర మీదికి వచ్చి, మరుసటేడు ‘నాలుగు స్తంభాలాట’తో సుత్తిని ఇంటిపేరు చేసుకున్నాడు. ‘ఆదిత్య’కి మాటలూ జంధ్యాలవే.

మా పక్కింటి బాబాయిదీ డాక్‌యార్డే. రిటైరై ఏళ్ళు గడిచినా తెల్లారకముందే లేచి, స్నానం ముగించి, ఎక్కడికీ వెళ్ళక్కర్లేదని గుర్తొచ్చి వీధరుగు మీద కూలబడేవాడు. ఆయన్ని ఏ యుగంలో దింపినా ముందు అడిగేది గేటు ఎన్నింటికి మూస్తారనే. తెర మీద వేలు బిక్కమొహం చూస్తుంటే నాకు ఆ అరుగే గుర్తొచ్చింది. నటన అంటారు గానీ, కొంత హాజరు పట్టీ నుంచి కూడా వచ్చి ఉంటుందని నా అనుమానం.

ఇంకో సంగతి. రాయల్ని చూడ్డానికి మన ఊరివాళ్ళకి యంత్రం అక్కర్లేదు, 28 నంబరు బస్సు చాలు. కళింగ దండయాత్రలో ఆయన 1516లో సింహాచలం వచ్చాడు, దేవేరులతో సహా. అప్పన్నకి 991 ముత్యాల హారం సమర్పించినట్టు గుడిలో శాసనం ఉంది. యంత్రం ఇంకో పదేళ్ళు వెనక్కి వెళ్ళి, కాస్త తూర్పుకి తిరిగి ఉంటే మన కానిస్టేబుల్ ఆ కొండ మెట్ల మీదే దిగేవాడు.

వేలు 2012లో పోయాడు. మొన్న సింహాచలం వెళ్ళినప్పుడు ఆ హారాన్ని కొండ మీదికి మోసుకొచ్చిన బంటు ఎలా ఉండేవాడో ఊహించుకోబోయాను. వేలు మొహమే వచ్చింది.