విడివిడిగా ఇద్దరూ ఆరోగ్యమే

మందుల సంచిలో రెండు ఊళ్ల చీటీలు కనిపిస్తే నాకు ముందు జబ్బు మీద కాదు, చీటీల మీదే అనుమానం వస్తుంది. గాంధీ ఆసుపత్రి ఇంకా సికింద్రాబాద్ స్టేషను దగ్గరే ఉండేది (2003లో ముషీరాబాద్‌కు తరలింది). ఆ రోజుల్లో రెజిమెంటల్ బజార్‌లోని మా క్లినిక్‌కు రిటైరైన రైల్వే గార్డు ఒకాయన్ని మోసుకొచ్చారు. చెమటలు, వణుకు, మాట తడబాటు. పక్షవాతమేమోనని ఇంట్లోవాళ్ల భయం. చూస్తే షుగర్ బాగా పడిపోయి ఉంది. గ్లూకోజ్ ఎక్కించి, ఆయన తేరుకున్నాక సంచి బోర్లించమన్నాను. ఒక గోలీ ఇక్కడి డాక్టరు రాసింది, ఇంకొకటి కొడుకు దగ్గరికి వెళ్లినప్పుడు అక్కడి డాక్టరు రాసింది. కంపెనీలు వేరు, పేర్లు వేరు. లోపల రెండూ గ్లిబెన్‌క్లమైడే.

"రెండూ మంచి గోలీలే అన్నరు కద సార్" అన్నాడాయన. నిజమే. ఏ ఒక్కటి వేసుకున్నా మంచిదే. అప్పటినుంచి చీటీ మీద అసలు మందు పేరు పైన, కంపెనీ పేరు కింద రాయడం అలవాటు చేసుకున్నాను.

మా స్కాన్ బొమ్మలు దాచే లినక్స్ కంప్యూటర్‌కూ దాదాపు ఇదే జబ్బు చేసింది. అడాప్టెక్ 2940 కార్డు, దానికో స్కజీ హార్డ్ డిస్కు. చోటు నిండిపోతే, కంప్యూటర్ చూసే కుర్రాడు పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచి వాడిన డిస్కు ఒకటి తెచ్చి బిగించాడు. ఆన్ చేస్తే కొత్తది కనపడలేదు సరికదా, పాతదీ లేవలేదు.

"కార్డే ఖరాబైంది సార్, మార్చాలె" అని తేల్చేశాడు.

కొత్త డిస్కు తీసి చూడమన్నాను. పాతది లేచింది. పాతది తీసి కొత్తదొక్కటే పెట్టించాను. తెర మీద కార్డు దాని పేరు చూపించింది. ఇక కార్డునేం అంటాం? స్కజీలో అన్ని పరికరాలూ ఒకే కేబుల్ మీద ఉంటాయి కాబట్టి ఒక్కోదానికి ఒక్కో నంబరు ఉండాలి. 50 పిన్నుల కేబుల్ మీద 0 నుంచి 7 దాకా నంబర్లు, మామూలుగా 7 కార్డుది. మా డిస్కులు రెండూ 0 మీదే కూర్చున్నాయి. ఇది కనిపెట్టడానికి పాండిత్యం అక్కర్లేదు, డిస్కు మీద అంటించిన జంపర్ల బొమ్మ చదివితే చాలు. కొత్తదాన్ని 3కు మార్చగానే రెండూ కనిపించాయి. (పొరపాటున 7 ఇచ్చి ఉంటే ఇంకా తమాషా: ఆ ఒక్క డిస్కే అన్ని నంబర్ల దగ్గరా ఉన్నట్టు లినక్స్ చూపిస్తుంది.)

పార్టిషన్ చేసి, ఫైల్‌సిస్టమ్ వేసి కుర్రాడు లేవబోయాడు. నేను ఊరుకోలేదు. స్టేషను కూలీలను చూసే డాక్టరు ఊరుకోడు. "మెట్లెక్కంగ ఛాతీల పట్టుకుంటది సార్, ఆగితే పోతది" అంటాడొకడు. బల్ల మీద పడుకోబెట్టి తీసిన ఈసీజీలో ఏమీ ఉండదు. ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తే ఎస్‌టీ గీత కిందికి దిగుతుంది. బరువు మోసినప్పుడు వచ్చే నొప్పిని పడుకోబెట్టి వెతికితే దొరకదు.

అందుకే పాత స్కాన్లన్నీ ఒక్కసారిగా కొత్త డిస్కుకు కాపీ పెట్టించాను. కాసేపు బాగానే నడిచి ఆగిపోయింది. కెర్నెల్ సందేశాల్లో టైమౌట్లు, రీసెట్లు వరసకట్టాయి.

ఈసారి తప్పు టెర్మినేటర్లది. కేబుల్ చివరికి చేరిన సిగ్నల్ వెనక్కి తన్నకుండా మింగేయడం టెర్మినేటర్ పని. అది రెండు కొసల్లోనే ఉండాలి, మధ్యలో ఉండకూడదు. ఒక కొస కార్డుది. పాత డిస్కు ఒంటరిగా ఉన్నన్నాళ్లూ రెండో కొస దానిదే, టెర్మినేటర్ కూడా దానికే. ఇప్పుడది మధ్యలోకి జరిగింది, టెర్మినేటర్ జంపర్ మాత్రం అలాగే ఉండిపోయింది. కొసనున్న కొత్తదానికేమో టెర్మినేటర్ లేదు. అటుదిటు మార్చాక కాపీ ఆగకుండా సాగింది.

ఆఖర్న కుర్రాడు, ఏ డిస్కు ఎక్కడ తెరుచుకోవాలో రాసే ఎఫ్‌స్టాబ్ ఫైల్లో కొత్త డిస్కును ఎస్‌డీబీ1 అని రాస్తుంటే ఆపాను. లినక్స్ ఆ అక్షరాలను డిస్కులు కనబడిన వరసలో ఇస్తుంది. రేపు 2 నంబరుతో మూడో డిస్కు వస్తే ఎస్‌డీబీ అదే అవుతుంది, మనది ఎస్‌డీసీ అయిపోతుంది. పార్టిషన్‌కు లేబుల్ పెట్టి, ఆ పేరే రాయమన్నాను.

"ఏం పేరు పెట్టాలె సార్?"

"స్కాన్ అని పెట్టు, చాలు."