పొర వెంట పొర

మా పెరటి గోడకు ఆనించి ఒక నల్లటి బండ ఉంటుంది. పలకల గనిలో పనిచేసినన్నాళ్ళూ మా నాన్న ఇంటికి తెచ్చుకున్న రాయి అదొక్కటే. మా తమ్ముడి కూతురు సెలవులకు వచ్చినప్పుడల్లా ఆ బండ పక్కన కూర్చుని, అంచు మీద గోరు పెట్టి పొరలు లెక్కపెడుతుంది. మొన్న సంక్రాంతికీ అదే పని. బెంగళూరులో నాడీశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తోంది. ఇది నాలుగో ఏడు.

మార్కాపురంలో పుట్టినవాళ్ళకు రాయిలో పొరలుంటాయని ఎవరూ చెప్పనక్కర్లేదు. ఏనాడో నీటి అడుగున పేరుకున్న ఒండ్రు ఒత్తిడికి గట్టిపడి పలకరాయి అయింది. నాన్న బండను నిలబెట్టి, అంచున ఉలి ఆనించి, సుత్తితో మెల్లగా తట్టేవాడు. ఒక తట్టు ఇక్కడ, ఇంకో తట్టు కాస్త అవతల, అలా అంచు పొడవునా. తొందరపడి ఒక్కచోటే గట్టిగా కొడితే బండ అడ్డంగా పగిలిపోతుంది. చప్పుడు మారేదాకా ఓపిక పట్టాలి. అది మారిందంటే లోపల పొర విడిచిందని లెక్క. అలా విడిచిన పొరల మీదే ఎన్నో ఊళ్ళ పిల్లలు అఆలు దిద్దుకున్నారు.

ఇప్పుడు ఆయన మనవరాలు కోసేది ఎలుక వెన్నుపామును. గడ్డకట్టించి, మిషను మీద పొరలుగా తీస్తుంది. ఒక్కో పొర మందం 30 మైక్రాన్లు, అంటే తలవెంట్రుకలో సగం కూడా ఉండదు. దాన్ని సన్న కుంచెతో ఎత్తి, ఉప్పునీళ్ళలో తేల్చి, గాజుపలక మీద పరవాలి. మడత పడితే ఆ పొర ఇక పనికిరాదు. "కోత చేతికి రావడానికే మొదటి ఏడాది సరిపోయింది పెదనాన్నా" అంది. ఆ మాటకు నాకు నాన్న చేతులు గుర్తొచ్చాయి.

ఈ చదువులోకి తను ఎందుకు వెళ్ళిందో ఇంట్లో అందరికీ తెలుసు. మా అమ్మ పుట్టిల్లు పొదిలి దగ్గరి పల్లె. ఆ ఊరి బావి నీళ్ళతో పెరిగింది. చిన్నప్పుడే గారపళ్ళు వచ్చాయి. యాభై దాటాక నడుం బిగుసుకుపోయింది, కాళ్ళు పట్టు తప్పాయి. ఊళ్ళో వాళ్ళు వాతమన్నారు. తీరా చూస్తే ఫ్లోరైడ్. నెల్లూరు జిల్లాలో ఈ జబ్బు ఉందని 1937లోనే ఇండియన్ మెడికల్ గెజెట్‌లో రాశారు. పొదిలి, దర్శి, కనిగిరి అప్పట్లో ఆ జిల్లావే, 1970లో కొత్త జిల్లా ఏర్పడినప్పుడు ఇటు కలిశాయి. నీళ్ళలోని ఫ్లోరైడ్ ఏళ్ళ తరబడి ఎముకల్లో చేరితే వెన్నెముక మందమవుతుంది, లోపలి దారి ఇరుకై వెన్నుపాము నలుగుతుంది. ఈ నలుగుడు మీద హైదరాబాదు న్యూరోసర్జన్ డి. రాజారెడ్డి ఏళ్ళ పాటు శ్రద్ధ పెట్టి రాశారు.

ఈ జబ్బు రాకుండా ఆపడానికి కొత్త పరిశోధన అక్కర్లేదు. ఇంటింటికీ మంచినీళ్ళు వస్తే చాలు. కానీ ఒకసారి దెబ్బతిన్న వెన్నుపాము తిరిగి ఎందుకు కోలుకోదు? చేతిలో తెగిన నరం రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పునైనా పెరుగుతుంది కదా? 1906లో నోబెల్ అందుకున్న స్పెయిన్ శాస్త్రవేత్త కహాల్ కూడా సూక్ష్మదర్శిని కింద ఇలాంటి పొరలే పరుచుకుని, చేత్తో బొమ్మలు గీసుకుంటూ ఈ ప్రశ్న వెంటే నడిచాడు. 1981లో మాంట్రియల్‌లో డేవిడ్, అగ్వాయో అనే ఇద్దరు, ఎలుక కాలి నరం ముక్కను వెన్నుపాముకు అతికించి చూశారు. పెరగవనుకున్న తంతువులు దాని వెంట పెరిగాయి. పెరిగే సత్తువ నరంలో ఉంది, చుట్టూ ఉన్న చోటే దాన్ని సాగనివ్వడం లేదని తేలింది. మా పిల్ల చూస్తున్నది ఆ చోటునే, అందులోనూ దెబ్బ చుట్టూ మూగే ఒకే ఒక్క రకం కణాన్ని.

ఇంత పెద్ద బాధ చూసి బయల్దేరి అంత చిన్న ప్రశ్న దగ్గర ఆగిపోవడమేమిటని నాకు మొదట్లో దిగులుగా ఉండేది. ఇప్పుడు లేదు. బాధ మొత్తాన్ని ఒక్కసారి పగలగొట్టాలని చూస్తే రాయి అడ్డంగానే పగులుతుంది. జవాబు దొరికేంత సన్నగా ప్రశ్నను చీల్చడమే డాక్టరేట్ నేర్పే విద్య అనిపిస్తుంది. కహాల్ ఒక పొర విప్పాడు, మాంట్రియల్ వాళ్ళు మరొకటి. మా పిల్ల వంతు ఇంకొకటి.

వెళ్ళే రోజు మార్కాపురం రోడ్డు స్టేషనులో ప్రశాంతి ఎక్కాలి. బండి కంభం, గిద్దలూరు దాటి నల్లమల అడవిలోంచి పోతుంది. గేటు దాకా వస్తానని అమ్మ పట్టుబట్టింది. తను వంగలేదు కాబట్టి మనవరాలే కింద కూర్చుని చెప్పులు తొడిగింది.

"నా నడుం సంగతి ఏమన్నా తేలిందా తల్లీ?"

"ఇంకా లేదు నాయనమ్మా. నేను చూసేది చాలా చిన్న ముక్క."

అమ్మ ఆ పిల్ల తల మీద చెయ్యి వేసి కాసేపు అలాగే నిలబడింది. "మీ తాతకీ అంతే. రాయి మొండికేసిన రోజు ఒక్క పలకా వచ్చేది కాదు. తెల్లారి సద్ది కట్టించుకుని మళ్ళీ పోయేవాడు" అంది.