ఊఫర్‌కి ఎన్ని వాట్లు?

విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీల వెల్డింగ్ మోత దాటి లోపలి రోడ్డులోకి తిరిగితే, కార్లకు మ్యూజిక్ సిస్టమ్‌లు బిగించే చిన్న షెడ్డు ఉంది. నేను వెళ్లేసరికి మేస్త్రీ బల్ల మీద పన్నెండంగుళాల సబ్‌ఊఫర్ ఒకటి విప్పి ఉంది. లోపలి రాగి కాయిల్ నల్లగా మాడిపోయింది.

ఊఫర్ తెచ్చిన కుర్రాడికి అర్థం కావడం లేదు. "దీని పెట్టె మీద 1200 వాట్లని ఉంది. నా యాంప్ 200 వాట్లే. ఎట్లా మాడుద్ది అన్నా?"

"చాలట్లేదని గెయిన్ మొత్తం తిప్పేశావు కదా తమ్ముడూ. దానివల్లే."

1200 అన్నది క్షణకాలం తట్టుకునే గరిష్ఠం. గంటల తరబడి మోయగలిగేది ఆర్‌ఎంఎస్ అంకె. అది అయస్కాంతం వెనక స్టిక్కర్ మీద సన్నటి అక్షరాల్లో ఉంది: 250. కొనేవాడికి పనికొచ్చే అంకెను అంత చిన్నగా అచ్చువేయడం అన్యాయమనిపించింది. ఇక యాంప్‌ను దాని సత్తాకి మించి తోస్తే తరంగం కొనలు తెగి చదునవుతాయి. పూర్తిగా చదునైతే, అదే ఎత్తున్న నునుపైన తరంగం కన్నా రెట్టింపు శక్తి కాయిల్‌లోకి పోతుంది. అంటే 200 వాట్ల యాంపే 400 దాకా పంపగలదు. 250 మోసే కాయిల్ దానికి ఎంతసేపు ఆగుతుంది?

మాడినదాని బదులు బిగించే కొత్త ఊఫర్ 500 ఆర్‌ఎంఎస్‌ది. అందులో నాలుగు ఓమ్‌ల కాయిళ్లు రెండు. సిరీస్‌లో కలిపితే ఎనిమిది ఓమ్‌లు, ప్యారలల్‌లో రెండు. దానికి జతగా కొత్త యాంప్ కూడా. అది నాలుగు ఓమ్‌ల దగ్గర 300 వాట్లు, రెండు దగ్గర 500 ఇస్తుంది. అందుకే మేస్త్రీ ప్యారలల్‌లో కలిపాడు. ఒక ఓమ్‌కి దించితే ఇంకా గట్టిగా మోగదా అని కుర్రాడు ఆశపడ్డాడు. ఆ యాంప్ రెండు ఓమ్‌ల కింద నిలబడదు.

ఆ తర్వాతి పని చూడటానికే అక్కడ ఇంకాసేపు ఉండిపోయాను. 500ని రెండు ఓమ్‌లతో గుణిస్తే 1000. దాని వర్గమూలం 31.6. యాంప్ అవుట్‌పుట్‌లో రావాల్సిన వోల్ట్‌లు అవే. ఊఫర్ తీగలు ఊడదీసి, స్టీరియో వాల్యూమ్ ముప్పావు వంతు పెట్టి, 50 హెర్ట్జ్ టోన్ వేశాడు. మల్టీమీటర్‌ను ఏసీ వోల్ట్‌లలో పెట్టి, యాంప్ అవుట్‌పుట్ దగ్గర పట్టుకుని, స్క్రూడ్రైవర్‌తో గెయిన్‌ను నెమ్మదిగా తిప్పాడు. పద్దెనిమిది, ఇరవై ఆరు, ముప్పై ఒకటి. అక్కడ ఆపేశాడు. గెయిన్ అంటే వాల్యూమ్ బటన్ కాదని నాకు అప్పుడు స్పష్టంగా అర్థమైంది. స్టీరియో పంపే సిగ్నల్‌కి యాంప్‌ను సరిపెట్టే మర అది.

తీగ దగ్గర మాత్రం బేరం సాగింది. 500 వాట్లకు బ్యాటరీ నుంచి దాదాపు 45 యాంపియర్లు లాగుతుంది. రాగి పూత పూసిన అల్యూమినియం తీగ చవకని కుర్రాడు అడిగాడు. మేస్త్రీ ఒప్పుకోలేదు. అసలు రాగి తీగ, నాలుగు గేజ్‌ది, దాంతోపాటు బ్యాటరీకి జానెడు దూరంలో ఫ్యూజు. ఇవి వద్దంటే బండి వేరే షెడ్డుకి తీసుకెళ్లమన్నాడు. కుర్రాడు కాసేపు నిలబడి ఫోన్‌లో డబ్బులు కొట్టాడు.