వన్‌టౌన్‌లో మా వాటా

అద్దె ఇల్లు వెతకడమంటే పెళ్ళిచూపుల్లాంటిదే. మనం ఇల్లు చూస్తాం, ఇంటివాళ్ళు మనల్ని చూస్తారు. నచ్చామో లేదో చెప్పేది మాత్రం వాళ్ళే.

మా ఆయనకి విశాఖ పోర్టులో కాంట్రాక్టు పని దొరికాక రాజయ్యపేట నుంచి రోజూ తిరగడం కుదరలేదు. నక్కపల్లి వచ్చి బస్సెక్కి విశాఖ చేరేసరికే సగం ఓపిక అయిపోయేది. మధురవాడ వైపు కొత్త అపార్ట్‌మెంట్లు బోలెడు, కానీ పోర్టుకి దూరం. అందుకే వన్‌టౌన్‌లో పడ్డాం. 1933లో పోర్టు తెరవకముందు నుంచీ ఉన్న పాత ఊరు ఇది. బురుజుపేట కనకమహాలక్ష్మి గుడి, కురుపాం మార్కెట్టు, 1904 నాటి టౌన్‌హాలు అన్నీ ఇటే.

దొరికింది ఓ పాత మేడ. కింద ఇంటావిడ, పైన రెండు బెడ్‌రూముల వాటా. అప్పుడే బాగుచేయించారు. దూలాలు కనబడకుండా ఫాల్స్ సీలింగ్, పాత గచ్చు మీద టైల్స్, వంటింట్లో గ్రానైట్ గట్టు, చిమ్నీ, గోడలకి గంధం రంగు. కిటికీలోంచి రాస్ హిల్ కనిపిస్తుంది. అద్దె 14 వేలు, మూడు నెలల అడ్వాన్సు, ఫిబ్రవరి నుంచి 11 నెలల అగ్రిమెంటు. అందరూ 11కే ఆపుతారు కదా.

"నీచు వండుతారా?" అనడిగారావిడ.

మా ఆయన నోరు తెరిచేలోపే "గుడ్డు తప్ప ఏమీ వండమండీ" అనేశాను. నాన్న సముద్రంలోంచి తెచ్చిన చేపలతో పెరిగినదాన్ని నేను! కానీ అప్పటికే ఆరు ఇళ్ళు చేజారిపోయాయి మరి.

నాలుగు నెలలు మాట నిలబెట్టుకున్నాను. మార్కెట్లో కానాగంతల వైపు ఓ చూపు చూసి బెండకాయలు కొనుక్కొచ్చేదాన్ని. మా చిన్నాడు "అమ్మమ్మ వాళ్ళింటికి ఎప్పుడెళ్దాం?" అన్నప్పుడల్లా వాడి బెంగ అమ్మమ్మ మీద మాత్రమే కాదని నాకు తెలుసు.

జూన్ మొదటివారంలో నాన్న వచ్చాడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు వేట నిషేధం కాబట్టి ఖాళీ. చేతిలో ఎండు నెత్తళ్ళ మూట. నేను గబగబా మూడు కవర్లు చుట్టి అటక మీద పెట్టేశాను. నాన్న చూశాడు, ఏమీ అనలేదు.

ఆ ముందురోజే వాన పడింది. మంచం వెనక గోడ మీద రంగు బొబ్బలెక్కింది. నాన్న గోరుతో గీకితే తెల్లటి పొడి రాలింది.

"ఏటే అమ్మా, గోడకి ఉప్పు పట్టేసింది. ఊపిరాడకుండా ప్లాస్టిక్ రంగేసేసారు."

పాతకాలపు గానుగ సున్నం గోడ తేమని పీల్చుకుంటుంది, ఎండకి మళ్ళీ వదిలేస్తుంది. దాని మీద సిమెంటు, ప్లాస్టిక్ రంగు వేస్తే ఆ తేమ పోవడానికి దారి ఉండదు. లోపలున్న ఉప్పు రంగుని పొంగించేస్తుంది. సముద్రపు గాలి తగిలే ఊళ్ళో ఇంకా ఎక్కువ. మీరెవరైనా ఇలా బాగుచేసిన పాతిల్లు చూడ్డానికి వెళ్తే, చిమ్నీ చూసి మురిసిపోకండి. బీరువా జరిపించి గోడ అడుగు భాగం చేత్తో తడిమి చూడండి. నేనా పని చెయ్యలేదు.

నాన్న ఊరుకుంటాడా? కిందకెళ్ళి ఇంటావిడకి చెప్పేశాడు, రంగు గీకించి సున్నం కొట్టించమని.

"మీరు మేస్త్రీ పని చేస్తారా?"

"కాదమ్మా. వేట. రాజయ్యపేట."

మెట్ల మీద నిలబడిన నాకు కాళ్ళు ఆడలేదు. ఆవిడ తలెత్తి నా వైపు చూశారు. నేను నేల చూశాను.

ఆ రాత్రి అటక మీద మూట దించాను. ఇంక దాచేదేముంది? వంకాయా నెత్తళ్ళూ కలిపి కూర పొయ్యి మీదుండగా కింద నుంచి ఆవిడ గొంతు వినిపించింది.

"అమ్మాయ్, చిమ్నీ వేసుకో!"

అంతే. వారం తిరిగేసరికి మేస్త్రీ వచ్చి ఆ గోడ గీకి, సున్నం కొట్టి వెళ్ళాడు. చిన్నాడు ఇప్పుడు ఊరి మాట ఎత్తడం లేదు. అగ్రిమెంటు డిసెంబరు నెలాఖరుకి అయిపోతుంది. ఉంచుతారో లేదో ఆవిడ ఇంకా చెప్పలేదు, నేనూ అడగలేదు.