బుడగలు ఆగాయి సరే, బీరు ఆగిందా?

గురుగ్రామ్ సెక్టార్ 29కి వెళ్లాలంటే ఎల్లో లైన్ మెట్రోలో చివరిదాకా కూర్చోవాలి. నిన్నమొన్నటిదాకా హుడా సిటీ సెంటర్ అనేవారు, ఇప్పుడది మిలీనియం సిటీ సెంటర్. సాయంత్రం కాలు పెట్టే సందుండని ఆ పబ్బుల వీధిలో, జనవరి ఉదయం పొగమంచూ, చీపుళ్లు పట్టుకున్న కుర్రాళ్లూ తప్ప ఎవరూ లేరు. ఢిల్లీ చుట్టుపక్కల బీరు తయారీ కొత్తేమీ కాదు. ఘాజియాబాద్ మోహన్ నగర్‌లో మోహన్ మీకిన్ వాళ్ల ఫ్యాక్టరీ ఎప్పటినుంచో ఉంది. అద్దం అవతల కాచి, ఇవతల టేబుల్ మీద పోసే పద్ధతి మాత్రం హర్యానా మైక్రోబ్రూవరీలకు లైసెన్సులిచ్చాక గురుగ్రామ్‌కు వచ్చింది.

నేను వెళ్లింది తాగడానికి కాదు, ఒక సందేహం తీర్చుకోవడానికి. సందేహం కూడా నాది కాదు, న్యూజెర్సీలో ఉండే మా బావమరిదిది. 1978లో కార్టర్ సంతకం చేసిన చట్టం పుణ్యమా అని అమెరికాలో ఇంట్లో బీరు కాచుకోవచ్చు. ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్ల దాకా పన్ను లేదు, అమ్మకూడదంతే. మనవాడు బేస్‌మెంట్‌లో అయిదు గ్యాలన్ల బకెట్ పెట్టాడు. రెండు రోజులు మూత మీది గొట్టంలో బుడగలు బుడబుడలాడి, మూడోరోజుకి చప్పబడిపోయాయట. ‘ఇంకో ఈస్ట్ ప్యాకెట్ కుమ్మరించనా బావా?’ అని మెసేజ్. ఇక్కడ ఇంట్లో చేసి చూద్దామంటే కుదరదు. ఢిల్లీలో 2009 నాటి ఎక్సైజ్ చట్టం, హర్యానాలో 1914 నాటి పంజాబ్ ఎక్సైజ్ చట్టం. ఏ గట్టున నిలబడినా లైసెన్సు లేకుండా కాస్తే నేరమే. అందుకే లైసెన్సున్న చోటికి బయల్దేరాను.

బ్రూవర్ వరంగల్ కుర్రాడు. హైదరాబాద్‌లో ఇదే పని చేసి ఇక్కడికొచ్చాడు. తెలుగువాణ్ణని తెలియగానే ‘సర్’ కాస్తా ‘అన్నా’ అయింది. వెనక గదిలో మాల్ట్ ఉడికిన కమ్మటి వాసన, తడి నేల, వరసగా స్టీలు ట్యాంకులు. అడుగున గరాటులా సన్నబడే ఈ ట్యాంకుల్లోనే పులియబెడతారు. ట్యాంకు జంట గోడల మధ్య చల్లటి గ్లైకాల్ తిరుగుతుంటుంది.

నా అదృష్టమో అతని దురదృష్టమో, ఆ రోజు గోధుమ బీరు ట్యాంకొకటి మొండికేసి ఉంది. ‘బుడగల్ని చూసి చెప్పద్దన్నా. మూత సరిగ్గ బిగియకపోతే గాలి పక్కనుంచి పోతది, గొట్టంల బుడగ రాదు. బీరు మాత్రం ఆడుతనే ఉంటది’ అంటూ శాంపిల్ కుళాయి మీద స్పిరిట్ చల్లి, పొడవాటి గాజు జాడీలోకి కొంచెం పట్టాడు. ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి తిరగబోసి గ్యాస్ పోగొట్టాడు. లేకపోతే బుడగలు సాంద్రత కొలిచే హైడ్రోమీటర్‌కి అంటుకుని పైకి లేపుతాయి, లెక్క తప్పుతుంది. హైడ్రోమీటర్ వేసి, వేలితో ఒక్కసారి తిప్పి వదిలాడు. అది గిరగిరా తిరిగి నిలబడ్డాక, కళ్లు నీటిమట్టానికి దించి చదివాడు. 1.030. నిన్న 1.032. మొదలైంది 1.048 దగ్గర, చేరాల్సింది 1.012 దగ్గరికి. చూసిన శాంపిల్‌ని తిరిగి ట్యాంకులో పోయలేదు, మురుగుకాలవలో పారబోశాడు.

చక్కెర కరిగి ఉంటే ద్రవం బరువెక్కుతుంది. ఈస్ట్ తిన్నకొద్దీ తేలికవుతుంది. రోజుకి రెండు పాయింట్లయినా, అంటే 1.032 నుంచి 1.030కి, దిగుతోందంటే నడక మందగించింది, ఆగలేదు. రెండుమూడు రోజులు ఒకే అంకె దగ్గర నిలిస్తే అప్పుడు ఆగిందనుకోవాలి. అదీ ప్రతిసారీ జబ్బు కాదు. మాల్ట్‌ని 65 డిగ్రీల దగ్గర నానబెడితే ఈస్ట్ తినగల చక్కెరలు ఎక్కువొస్తాయి, 70 దాకా పోనిస్తే తినలేనివి మిగులుతాయి. అలాంటి బీరు 1.020 దగ్గర నిలిచిపోతే అది దాని గమ్యం. ఎంత ఈస్ట్ పోసినా కదలదు.

మరి ఈ ట్యాంకుకి ఏమైంది? లాగ్‌బుక్ తిరగేశాడు. కాచిన రసాన్ని చల్లార్చడానికి వాడేది కుళాయి నీళ్లు. ఢిల్లీ జనవరిలో ఆ నీళ్లు ఎంత చల్లగా ఉంటాయో పొద్దున్నే మొహం కడుక్కునే ప్రతివాడికీ తెలుసు. రసం 19 డిగ్రీల దగ్గర ఆగాల్సింది 15కి దిగిపోయింది, ఆ చలిలోనే ఈస్ట్ వేశారు. ఇడ్లీ పిండి చలికాలంలో బద్ధకించినట్టే ఇదీ బద్ధకించింది. అతను చేసింది ఒక్కటే పని, చల్లదనం ఆపి సెట్టింగ్ 20కి మార్చాడు. పులిసేటప్పుడు ఈస్ట్ పుట్టించే వేడే ట్యాంకుని మెల్లగా పైకి తెస్తుందట.

‘బాగా కలిపితే తొందరగా కాదా?’ అన్నాను. ‘ఈస్ట్ వేసే ముందు గాలి కావాలన్నా, అప్పుడు అది పిల్లల్ని పెడతది. ఆట మొదలైనంక గాలి తగిలితే బీరు అట్టపెట్టె రుచి కొడతది.’ బావమరిది బకెట్ సంగతి చెబితే, దాన్ని మెల్లగా ఊపి అడుగున పేరుకున్న ఈస్ట్‌ని లేపితే చాలన్నాడు. కొత్త ఈస్ట్ వేయక తప్పకపోతే పొడి ప్యాకెట్ నేరుగా చల్లడం దండగ. ఆల్కహాల్ చేరిన, తిండి తగ్గిన చోట నిద్రలేవడం దానికి కష్టం. వేరే సీసాలో కొంచెం రసంతో లేపి, నురగ కట్టి ఉరకలేసేటప్పుడు కలపాలి.

అన్నిటికన్నా గట్టిగా చెప్పింది సీసాల గురించి. నాలుగు పాయింట్ల చక్కెర మిగిలుండగా మూత బిగిస్తే, మామూలుగా ఉండాల్సిన గ్యాస్ ఇంచుమించు రెండింతలవుతుంది. సీసా పేలొచ్చు. ఆలస్యం వల్ల పోయేది కొన్ని రోజులు, తొందరవల్ల పోయేది కన్నూ చెయ్యీ. పైగా వెన్నవాసన కొట్టే డయాసిటైల్‌ని చివర్లో మింగేసేది ఈస్టే. ఈస్ట్‌ని ముందే విడదీస్తే ఆ వాసన బీరులోనే మిగిలిపోతుంది.

తిరుగు మెట్రోలో ఇదంతా బావమరిదికి టైపు చేసి పంపాను. బేస్‌మెంట్ ఎంత చల్లగా ఉందో చూడు, 58 ఫారెన్‌హీట్ అంటే 15 డిగ్రీల కన్నా తక్కువే, బకెట్ పైకి తీసుకెళ్లు, ముందు హైడ్రోమీటర్ ఎంత చెబుతోందో రాయి అని. రాజీవ్ చౌక్ వచ్చేసరికి జవాబొచ్చింది: ‘అది కిందటేడు పగిలిపోయింది బావా. కొత్తది ఆర్డర్ పెడుతున్నా.’