ఉత్తుత్తి కుటుంబం

‘ట్యాంక్ గర్ల్’ని స్త్రీవాద కామిక్ అని ఎవరైనా అంటే నాకు ముందు నవ్వొస్తుంది. దాన్ని పుట్టించింది ఇద్దరు కుర్రాళ్లు. అలన్ మార్టిన్ రాశాడు, జేమీ హ్యూలెట్ బొమ్మలు వేశాడు. ఇంగ్లండులో వర్తింగ్ అనే సముద్రతీరపు ఊళ్లో చదువుకునే రోజుల్లో కలుసుకున్నవాళ్లు. సూపర్‌హీరోల కంపెనీలతో సంబంధం లేని ‘డెడ్‌లైన్’ అనే పత్రికలో 1988లో అది మొదలైంది. కథంటూ చెప్పుకోదగ్గది తక్కువే. అంతా పాడైపోయిన లోకంలో ఒక ఆస్ట్రేలియా ఎడారి, ఆ ఎడారిలో ఒక యుద్ధట్యాంకు, ఆ ట్యాంకునే ఇల్లు చేసుకున్న ఒక అమ్మాయి. గొరిగిన తల, సిగరెట్టు, బీరు, నోరు తెరిస్తే బూతు. ఆమె ప్రియుడు బూగా ఒక కంగారూ! పేగు ఆపరేషన్ అయినవాళ్లు పొట్టకి తగిలించుకునే సంచుల్ని దేశాధ్యక్షుడికి వేళకి చేర్చే పని ఆమెకి అప్పగిస్తారు. ఆమె చేర్చదు. నిండు సభలో అధ్యక్షుడి పరువు బట్టల్లోనే పోతుంది. ఆమె నేరస్తురాలవుతుంది. ఇదీ దాని వరస. సాహిత్యంలో డాక్టరేట్ కోసం నేను వల్లెవేసిన ప్రమాణాల్లో ఒక్కటీ దీనికి అతకదు.

అయినా దీని గురించి రాయాలనిపించింది. ఆ కుర్రాళ్లు ఏం గీశారన్నదాని కంటే ఆ బొమ్మని ఆడవాళ్లు ఏం చేసుకున్నారన్నది నాకు ముఖ్యం. లండన్‌లో లెస్బియన్ స్త్రీలు వారం వారం ‘ట్యాంక్ గర్ల్ నైట్స్’ పేరుతో కలుసుకుంటున్నారని పత్రిక ప్రచురణకర్త టామ్ ఆస్టర్ ఆ రోజుల్లోనే చెప్పాడు. ఆమె బొమ్మతో పోస్టర్లూ టీషర్టులూ వచ్చాయి. సెక్షన్ 28కి వ్యతిరేకంగా జరిగిన ఊరేగింపు కోసమే ప్రత్యేకంగా ఒక టీషర్టు తయారైంది. కంగారూ ప్రియుడున్న అమ్మాయిలో వాళ్లు తమని చూసుకున్నారు. ప్రాతినిధ్యం ఎవరో ఇస్తే పుచ్చుకోలేదు, లాక్కున్నారు.

సెక్షన్ 28 అంటే థాచర్ ప్రభుత్వం తెచ్చిన చట్టంలో ఒక ముక్క. 1988 మే 24న అమల్లోకి వచ్చింది. స్థానిక సంస్థలు స్వలింగ ప్రేమని ‘ప్రోత్సహించ’కూడదు, బడుల్లో దాన్ని కుటుంబంగా ఒప్పుకోవచ్చని బోధించకూడదు. ఆ గొడవని రాజేసినవాటిలో డెన్మార్క్ రచయిత్రి సుసాన్ బోషె చేసిన ఒక పిల్లల ఫొటోల పుస్తకం కూడా ఉంది. అయిదేళ్ల పాప, నాన్న, నాన్నతో కలిసి బతికే ఆయన ప్రియుడు. అందులో విప్లవమేమీ లేదు, పుట్టినరోజు పండగ చేసుకుంటారు, అంతే. ఆ పండక్కి ప్రభుత్వం భయపడింది! ఇలాంటి ఇళ్లకి ఆ చట్టం పెట్టిన పేరుని తెలుగులో చెప్పాలంటే నాకు తోచే మాట ఒక్కటే – ఉత్తుత్తి కుటుంబం. చిన్నప్పుడు చింతచెట్టు కింద కొబ్బరిచిప్పల్లో ఇసక అన్నం వండుకుని ఆడుకున్న ఆట లాంటిదన్నమాట. ఆ సెక్షన్‌ని స్కాట్లాండ్‌లో 2000లో, ఇంగ్లండ్, వేల్స్‌లో 2003లో రద్దు చేశారు.

మన తెలుగు పత్రికలు దశాబ్దాలుగా వాడిన మాట ‘స్వలింగ సంపర్కులు’. ఒక మనిషి బతుకంతా ఒకే ఒక్క క్రియకి కుదించిన మాట. అందులో వంటిల్లు లేదు, జ్వరమొస్తే కాఫీ కలిపిచ్చే చెయ్యి లేదు. తిట్టడానికైనా థాచర్ చట్టం ‘కుటుంబం’ అన్న మాట ఎత్తింది. మన మాటకి ఆ ఊహే లేదు.

ఈ కుటుంబం సంగతి నాకు పుస్తకాల్లోది మాత్రమే కాదు. కిందటేడు నా సహచరికి అర్ధరాత్రి కడుపునొప్పి మొదలైంది. వెంటనే ఆపరేషన్ అన్నారు. పదకొండేళ్లుగా ఒక కప్పు కింద ఉంటున్నాం. ఆమెకే మందు పడదో, ఏ పక్కకి తిరిగి పడుకుంటే నిద్రపడుతుందో నాకు తెలుసు. కౌంటర్ దగ్గర అమ్మాయి కాగితం ముందుకు తోసి అడిగింది.

“పేషెంటుకి మీరేమవుతారు మేడమ్?”

“చెల్లెల్ని.”

“ఇంటిపేర్లు వేరే ఉన్నాయే?”

“పెళ్లయిందిగా.”

అంతే, పెన్ను ఇచ్చింది. ఒక్క సంతకం కోసం నిలబడ్డ పళాన ఒక భర్తని పుట్టించాను. ఉత్తుత్తి మొగుడితో ఉన్న ఉత్తుత్తి కుటుంబానికి ఏ అడ్డూ లేదు. నిజంది మాత్రం చెల్లదు.

ఆ కళ్లతో చూస్తే ప్రళయానంతర కథల మీద నాకున్న ఆకర్షణ నాకే అర్థమైంది. అక్కడ కౌంటర్లు ఉండవు. అయితే ఈ కథలన్నీ మనకి చుట్టాలేమీ కావు. చాలావాటిలో లోకం కూలాక మొదట తిరిగి లేచేది పితృస్వామ్యమే. ఒక నాయకుడు, ఒక తుపాకీ, జాతిని నిలబెట్టే బాధ్యత మోస్తూ ఒక గర్భం. 2002లో మొదలై 2008 దాకా వచ్చిన ‘వై: ది లాస్ట్ మ్యాన్’ చూడండి. ఒక్క కుర్రాడు, అతని పెంపుడు కోతి తప్ప లోకంలో మగజాతంతా చచ్చిపోతుంది. భూమ్మీద అందరూ ఆడవాళ్లే మిగిలినా, కథ మాత్రం ఆ ఒక్క మగాడి వెనకే పరిగెడుతుంది! లెస్బియన్ పాత్రలు అందులో లేకపోలేదు. కానీ ఇరుసు ఎవరన్నది ముఖ్యం కదా.

ట్యాంక్ గర్ల్‌కి జాతిని నిలబెట్టే ఆలోచనే లేదు. ఆమె ట్యాంకు చుట్టూ చేరేది జెట్ గర్ల్, సబ్ గర్ల్, మానసిక ఆస్పత్రి నుంచి వచ్చిన బార్నీ, కంగారూ, కొన్ని గుడ్డబొమ్మలు. ఒకళ్లకొకళ్లు ఏమవుతారని ఎవరూ అడగరు. వీళ్లని చట్టం దృష్టితో చూస్తే ఇంతకన్నా ఉత్తుత్తి కుటుంబం ఉండదు. ఆ చట్టం వచ్చిన ఏడాదే ఈ కామిక్ రావడం యాదృచ్ఛికమే కావచ్చు. టీషర్టు వేసుకుని ఊరేగింపుకి వెళ్లినవాళ్లకి మాత్రం కాదు.

పొగడ్తలు చాలు. ఆ బొమ్మల్లో ఒకటి క్యాంప్ కోవాలా. ‘క్యాంప్’ అనేది గే సంస్కృతి మాట, ఆ బొమ్మ ఎవరి తరఫున ఉందో పేరే చెప్తుంది. గ్రెనేడ్లతో బేస్‌బాల్ ఆడుతుంటే అది పేలిపోయి చస్తుంది. తర్వాత దేవదూతగా కనిపిస్తుంది. నవ్వించడానికే రాశారు, నవ్వొస్తుంది కూడా. కానీ చచ్చేది ఎప్పుడూ వాళ్లే ఎందుకవుతారు?

1995లో రేచల్ టలాలే దర్శకత్వంలో సినిమా వచ్చింది. జెట్ గర్ల్‌ని ఒక సార్జెంటు వేధిస్తుంటే ట్యాంక్ గర్ల్ తనని ఆమె ప్రియురాలిగా చెప్పుకుని, వాడి ముందే ముద్దు పెట్టుకుంటుంది. అది నటనేనని మనకీ తెలుసు. అయినా నాకు గొంతు పట్టేసింది. నేను సంతకం కోసం చెల్లెలినయ్యాను, ఆమె కాపాడడానికి ప్రియురాలైంది. రెండూ అబద్ధాలే, ఆమెది ఎంత గొప్ప అబద్ధం! సినిమా డబ్బులు రాబట్టలేదు. స్టూడియో కొన్ని సన్నివేశాలు కత్తిరించిందని దర్శకురాలు తర్వాత బాహాటంగానే చెప్పింది.

2023 అక్టోబర్ 17న మన సుప్రీంకోర్టు ఇలాంటి జంటల పెళ్లిని గుర్తించలేమంది. ఆ కేసు మొదట వేసినవాళ్లలో సుప్రియో, అభయ్ మన హైదరాబాదువాళ్లే. మరుసటి ఏడాది కేంద్రం నుంచి కొన్ని ఉత్తరాలు వచ్చాయి. రేషన్ కార్డు విషయంలో క్వియర్ జంటని ఒకే కుటుంబంగా చూడమని ఒకటి. ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరవడానికి, నామినీగా రాసుకోవడానికి అడ్డులేదని ఇంకొకటి. దగ్గరి బంధువులు లేనప్పుడు శవాన్ని తీసుకోవచ్చని మరొకటి. పెళ్లికి పనికిరాని కుటుంబం బియ్యానికీ, శవానికీ పనికొస్తుందట.

ఆ ఉత్తరాల ధైర్యంతో మొన్న బ్యాంకుకి వెళ్లాం. నామినీ ఫారంలో ‘సంబంధం’ అని ఒక గడి ఉంది. నా సహచరి పెన్ను పట్టుకుని చాలాసేపు దాన్నే చూసింది. వెనక క్యూ పెరుగుతోంది. “ఏం రాయనే?” అంది.